నాచారం వంటింటి బటన్లకు పేర్లు

ఉప్పల్ వెళ్ళొచ్చానంటే మా కాకినాడలో అందరిదీ ఒకటే ప్రశ్న: "మ్యాచ్ చూడ్డానికా?" కాదండీ, నాలుగు బటన్లకు పేర్లు పెట్టడానికి అంటే ఒక్కరూ నమ్మలేదు. మా వదినైతే, "బటన్లకు కూడా బారసాల చేస్తున్నారా?" అని వంటింట్లోంచే నవ్వింది.

నా ఉద్యోగమే అది మరి. ఫోన్ తెర అడుగున వరుసగా చిన్న చిన్న బొమ్మలు, వాటి కింద ఒక్కో మాట ఉంటాయి చూడండి, హోమ్ అనీ మెనూ అనీ ప్రొఫైల్ అనీ. ఏది నొక్కితే ఎక్కడికి వెళ్తామో చెప్పే దారిగుర్తులవి. వాటిని తెలుగులో రాసిపెట్టి బతుకుతున్నదాన్ని. ఇంట్లో కూర్చుని చేసే పనే. దానికోసం ఊరు దాటి వెళ్ళడం మాత్రం ఇదే మొదలు. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం, ముఖ్యంగా మా వదిన కోసం, ఇది రాస్తున్నాను.

ఉప్పల్

ఉప్పల్ చౌరస్తా మీద గుండ్రంగా ఒక నడక వంతెన కట్టారు. పైన గాలి బాగా వీస్తుంది, కింద ట్రాఫిక్ చూస్తుంటే మనం లేనందుకు సంతోషంగా ఉంటుంది. చిక్కల్లా దిగడంలోనే. ఏ మెట్లు దిగినా నేను వెళ్ళాల్సిన రోడ్డు అవతలే ఉంది. మెట్ల దగ్గర బండి మీద జామకాయలు అమ్ముతున్నావిడ నన్ను రెండోసారి చూసి, "ఏడికి వోవాలె అక్కా?" అంది.

"చిల్కానగర్."

"మల్ల ఎక్కు. గా దిక్కు దిగు."

ఎక్కాను, దిగాను, మళ్ళీ ఆవిడ దగ్గరే తేలాను. ఈసారి ఆవిడ నవ్వాపుకోలేదు. "జర సేపు ఆగు తల్లీ. జాంకాయ తిని ఎక్కు, బలమొస్తది" అని నాలుగు చెక్కలు కోసి ఉప్పూకారం అద్ది చేతిలో పెట్టింది. ఇరవై రూపాయలు. మా వైపు జామకాయకు ఉప్పొక్కటే రాస్తారు. ఇక్కడ కారంతో పాటు ఇంకేదో పుల్లటి పొడి కూడా చల్లారు. ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా మూడోసారి ఎక్కి, ఎట్టకేలకు సరైన వైపు దిగాను. దారులకు పేర్లు పెట్టేదాన్ని దారి తప్పానని నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన ప్రసన్నకు చెబితే స్కూటర్ మీద దారంతా నవ్వుతూనే ఉంది.

ప్రసన్న యాప్‌లు గీసే పిల్ల. ఒకప్పుడు బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇద్దరం కలిసి పనిచేశాం, తను ఇక్కడి నుంచి, నేను కాకినాడ నుంచి. ఫోన్లో "అక్కా, అర్జెంట్‌గ రా, అమ్మ వంటిల్లు పోయేటట్టుంది" అని చెప్పింది. అందుకే వచ్చాను.

చిల్కానగర్

ప్రసన్న వాళ్ళమ్మ పేరు రూతమ్మ. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి ఎవరి హాస్టల్లోనో వంట చేసి, చివరికి నాచారంలో సొంతంగా మెస్ పెట్టుకున్న మనిషి. గుమ్మంలోనే "వందనాలు చెల్లె, రా కూసో" అని నా చేతిలో సంచీ లాక్కుంది.

కంచంలో జొన్నరొట్టె, చికెన్, పచ్చిపులుసు. ఆకలి మీద ఉన్నానేమో, రొట్టె తుంచి నోట్లో పెట్టేసుకున్నాను. చూస్తే అందరూ కళ్ళు మూసుకున్నారు. నమలాలా మానాలా తెలియక బుగ్గలో రొట్టె ముక్కతో నేనూ కళ్ళు మూసుకున్నాను. రూతమ్మ ప్రార్థన ఇలా సాగింది: "ప్రభువా, ఈ అన్నం కోసం నీకు స్తోత్రం. దూరం నుంచి వచ్చిన ఈ బిడ్డ కోసం స్తోత్రం. గా బటన్ల మీద నీ చెయ్యి వెట్టు తండ్రీ. ఎవలు ఒత్తినా మంచిగ వన్జేసేటట్టు జూడు." ఆమెన్ అన్నాక నమిలాను. నా పని కోసం ఎవరైనా ప్రార్థన చేయడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, కొంచెం భయమేసింది.

సంగతి తినేటప్పుడు తెలిసింది. మెస్ పక్కనున్న ఫ్యాక్టరీ ఒకటి ఊరవతలికి వెళ్ళిపోయింది, దాంతో గిరాకీ పల్చబడింది. అదే రోడ్డులో అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్ ఒకటుంది. అక్కడి క్యాంటీన్ మూసేశారు. వాళ్ళందరికీ మధ్యాహ్నం డబ్బాలు పంపే పని రూతమ్మకు ఇస్తానని మేనేజర్ ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు: ఎవరికేం కావాలో పనివాళ్ళే పొద్దున పదింటిలోపు యాప్‌లో చెప్పుకోవాలి, ఆఫీసు జోలికి రాకూడదు. రూతమ్మ పెద్ద షెడ్డు అద్దెకు తీసుకుంది, పెద్ద పొయ్యిలు పెట్టించింది. ప్రసన్న యాప్ చేసింది. మొదటి పరీక్ష నాడు?

"అందరు తెరిచిన్రట చెల్లె. జూసిన్రట. ఒక్కరంటే ఒక్కరు ఆర్డర్ వెట్టలే. నేనేమో అందరికి వండి కూసున్న" అంది రూతమ్మ.

ఆ కూరలన్నీ చిల్కానగర్ వీధిలో ఇంటింటికీ పంచారట. మేనేజర్ ఇంకొక్క అవకాశం ఇచ్చాడు, వచ్చే శనివారం. అదీ కాకపోతే పెద్ద క్యాటరింగ్ కంపెనీ వ్యాను వస్తుంది. రూతమ్మ షెడ్డు ఖాళీ చేసి మళ్ళీ ఏదో హాస్టల్లో గరిటె పట్టుకోవాలి. ఈ మాట చెబుతూ కూడా ఆవిడ నా కంచంలో రెండో రొట్టె వేసింది. కాదనకుండా తిన్నాను.

"పేర్ల ప్రాబ్లమే అక్కా. హోమ్, మెనూ, మై ఆర్డర్, ప్రొఫైల్ అని ఇంగ్లీషుల పెట్టిన. అందుకే ఎవరు ఒత్తలేదు" అంది ప్రసన్న. నేను నడుం బిగించాను.

నాచారం

నాచారం పారిశ్రామికవాడలో నడుస్తుంటే ముక్కుకు క్షణం తీరిక ఉండదు. ఈ గేటు దగ్గర బిస్కెట్ల వాసన, తర్వాతి గేటు దగ్గర మందుల వాసన, మూల తిరిగితే వేడి ప్లాస్టిక్. రూతమ్మ షెడ్డు దగ్గర మాత్రం ఉల్లిపాయ వేగుతున్న వాసన. నాలుగు వాసనల్లో నేను కళ్ళుమూసుకుని వచ్చేయగలిగింది దాన్ని పట్టుకునే.

టీ బండి దగ్గర పెట్టెల యూనిట్ వాళ్ళు నిలబడి ఉంటే ప్రసన్న పరిచయం చేసింది. మల్లేశ్ పాలమూరు మనిషి, ప్యాకింగ్‌లో పని. సత్తెమ్మది జనగామ వైపు. అదే ప్యాకింగ్‌లో అందరికంటే పాతావిడ, అందరూ అక్కా అంటారు. నేను రాత్రి మురిసిపోతూ రాసుకొచ్చిన పేర్లు చూపించాను: ముంగిలి, వంటకాలు, నేను కోరినవి, నా వివరాలు.

మల్లేశ్ చదివి, టీ ఊదుకున్నాడు. "మన తెలుగే గాని మేడం, పరీక్ష రాసినట్టున్నది."

"ముంగిలి ఏంది? ముంగట సాన్పు జల్లుమంటున్నదా ఫోను?" అంది సత్తెమ్మ. సాన్పంటే మా వైపు కళ్ళాపి. బండివాడితో సహా అందరూ నవ్వారు.

నాకు పౌరుషం వచ్చింది. "సరే, మీరే చెప్పండి" అన్నాను. అప్పుడు చూడాలి! ఒకాయన హోమ్ ముట్టుకోవద్దన్నాడు, ఫోన్లన్నిట్లో అదే ఉంటుందట. ఇంకొకాయన ప్రొఫైల్ తీసేసి తన ఫోటో పెట్టమన్నాడు. మల్లేశ్ మెనూకి "మస్తు కూరలు" అని పెట్టమన్నాడు. కూరలు మస్తుగా లేని రోజు ఏం చేద్దామని సత్తెమ్మ అడిగింది. టీ పదిహేను రూపాయలు, వాదన ఉచితం. చివరికి ఒడంబడిక కుదిరింది. హోమ్ ఉంటుంది. మెనూ స్థానంలో "ఇయ్యాల ఏముంది". నేను "ఈరోజు" అని పట్టుబట్టి ఓడిపోయాను. ప్రొఫైల్ "నా పేరు, నంబరు" అయింది. మై ఆర్డర్‌కు నేను "నా డబ్బా" అన్నాను. అందరూ తలూపారు. గెలిచానని నాకు మహా సంతోషం. ప్రసన్న అక్కడికక్కడే మార్చేసింది. మర్నాడు ప్యాకింగ్ వాళ్ళ వరకే పెట్టి చూద్దామనుకున్నాం.

పెట్టెల మధ్య భోజనం

గురువారం పొద్దున్నే ప్యాకింగ్ షెడ్డులో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఫోన్లు బయటికొచ్చాయి. "ఇయ్యాల ఏముంది" అందరూ నొక్కారు, చదువుకున్నారు, పెదవులు తడుపుకున్నారు. "నా డబ్బా" నొక్కారు. అక్కడ ఆగిపోయారు. మల్లేశ్ బొటనవేలు గుత్తివంకాయ మీద కాసేపు గాల్లో ఉండి వెనక్కి వెళ్ళిపోయింది. సత్తెమ్మ అవతలి మిషన్ దగ్గర ఫోన్ తెరిచి, చూసి, మూసి, చీర కుచ్చిళ్ళలో దోపుకుంది. పదయింది. ఒక్క ఆర్డరూ రాలేదు. కదిలిస్తే ఏడ్చేలా ఉంది ప్రసన్న. నాకైతే ఆ ఫోన్లన్నీ లాక్కుని నేనే నొక్కేయాలనిపించింది.

రూతమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని మధ్యాహ్నం నాలుగు రకాలూ కొంచెం కొంచెం డబ్బాల్లో పెట్టి తెచ్చింది. నాకు గుత్తివంకాయ డబ్బా ఇచ్చింది. అందరూ పెట్టెల అట్టలు పరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. మా ఊళ్ళో, నేను పనిచేసిన ఆఫీసుల్లో, ఎవరి క్యారేజీ వాళ్ళది. మరీ దగ్గరివాళ్ళయితే "కొంచెం వేసుకుంటారా?" అని మర్యాదకు అడుగుతాం, వాళ్ళు మర్యాదకు వద్దంటారు. ఇక్కడ నేను మూత తీశానో లేదో, సత్తెమ్మ గరిటె వచ్చి నా వంకాయల్లో సగం ఎత్తుకుపోయింది.

కోపం వచ్చింది, దాచను. వంకాయ విషయంలో నాకు దయాదాక్షిణ్యాలు లేవు. నోరు తెరిచేలోగా నా మూతలో ఒకవైపు నుంచి పప్పు పడింది, ఇంకోవైపు నుంచి గుడ్డు, మల్లేశ్ చేతి నుంచి చికెన్ ముక్కలు. పక్కనున్నాయన ఇంటి నుంచి తెచ్చిన చింతకాయ తొక్కు వేలితో గీసి పెట్టాడు.

"ఒక్క కూరతోని తింటవా మేడం, దవాఖానల లెక్క?" అన్నాడు మల్లేశ్.

నేను ముద్ద కలుపుతూ అడిగాను: "మరి పొద్దున ఎందుకు నొక్కలేదు? వంకాయ దాకా వెళ్ళావు కదా."

"సత్తెమ్మక్క ఏం తీస్కుంటదో తెల్వకపాయె. ఆమె కూడ వంకాయే ఒత్తితే?"

"నేను నీ కోసం ఆగిన్రా!" అంది సత్తెమ్మ. "నువ్వు కోడికూర అంటవో, గుడ్డు అంటవో అని."

"నేను మీ ఇద్దరి కోసం ఆగిన" అన్నాడు తొక్కు పెట్టినాయన.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. మొదటి పరీక్ష నాడూ అంతేనట. ఒకరికోసం ఒకరు ఆగి, ఆగి, చివరికి అందరూ టీ, బన్నుతో సరిపెట్టుకున్నారు. క్యాంటీన్ రాకముందు, హోటల్‌కు ఫోన్ చేసే రోజుల్లో సత్తెమ్మ అందరి తరఫునా చెప్పేసేది. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక నీసు కూర, అన్నీ తలా కొంచెం. యాప్ వచ్చాక మరి తనెందుకు చెప్పలేదని అడిగాను.

"నా డబ్బా అని రాసుంది గదా. ఎవలది వాళ్ళే ఒత్తాలేమో అనుకున్న. వేరేటోళ్ళ డబ్బాల నేను ఏలు వెట్టొచ్చునా?"

ఇప్పుడే నా డబ్బాలో గరిటె పెట్టిన మనిషి ఈ మాట అంటుంటే నేను, ప్రసన్న ఇద్దరం నోళ్ళు తెరిచాం. నిన్నటి దాకా మా గొడవంతా తెలుగా ఇంగ్లీషా అని. అసలు తగువు ఆ "నా" దగ్గర ఉంది. మై ఆర్డర్ అన్నా, నేను కోరినవి అన్నా, నా డబ్బా అన్నా, మూడూ మనిషిని విడిగా కూర్చుని తినమంటున్నాయి. ఇక్కడ అలా తినేవాళ్ళెవరూ లేరు. ఎవరేం తీసుకున్నారో అందరికీ కనబడాలి, ఒకరి తరఫున ఇంకొకరు నొక్కగలగాలి. పేరు మారిస్తే చాలదు, ఆ బటన్ వెనకున్న గదిని కూడా మార్చాలి. ప్రసన్న అన్నం సగంలో ఆపి ఎంగిలి చేత్తోనే అట్ట మీద గీయడం మొదలుపెట్టింది.

"దీనికి జట్టు అని పెడదాం" అన్నాను.

"కబడ్డీ ఆడుతమా?" అన్నాడు మల్లేశ్.

"పంక్తి?"

"ఎవలి పెండ్లి?" అంది సత్తెమ్మ.

"అయితే మీరు మిమ్మల్ని ఏమనుకుంటారు?"

"బ్యాచ్" అన్నారు ముగ్గురూ ఒకేసారి. కొత్తగా పనిలో చేరినవాళ్ళను మొదటి రోజు మధ్యాహ్నం "నువ్వు ఏ బ్యాచ్‌ల తింటవ్?" అని అడుగుతారట. మిషన్ తర్వాత నేర్పిస్తారు. తెలుగు మాట దొరకలేదని కాసేపు మూతి ముడుచుకున్నాను. కానీ ఆ మాట వాళ్ళు అన్న తీరు విన్నాక మారు మాట్లాడబుద్ధి కాలేదు. మూడో బటన్ పేరు "మా బ్యాచ్" అయింది.

మౌలాలి

శుక్రవారం ప్రసన్న నన్ను ఇంట్లోంచి తరిమేసింది. "నువ్వు పక్కనుంటే ప్రతి మాటకు మీటింగే అక్కా. మౌలాలి గుట్ట ఎక్కి రా, నేను పని జేస్కుంట" అంది.

బుద్ధిగా వెళ్ళి ఎక్కాను. మెట్లు చాలానే ఉన్నాయి. లెక్కపెట్టే ఓపిక లేదు. ఆయాసం లెక్కపెట్టనివ్వలేదు. పైన దర్గా, కింద రైలు పట్టాలు, కనుచూపు మేరా డాబాలు, డాబాల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు. నీడలో కూర్చుంటే ఓ ముసలావిడ మలీదా మూట విప్పింది. రొట్టె నలిపి బెల్లం కలిపి చేసే ప్రసాదం అది. నా ఊరూ పేరూ ఏమీ అడక్కుండా దోసిలి పట్టమని సైగ చేసి నిండా పోసింది. మా వైపు గుళ్ళో ప్రసాదం చిటికెడు పెడతారు, కళ్ళకద్దుకునేసరికే అయిపోతుంది. ఇది పూట భోజనం. తింటూ శనివారం గురించి దిగులుపడ్డాను. ఈసారి కూడా కాకపోతే రూతమ్మ మొహం ఎలా చూడాలా అని. బెల్లం వల్ల దిగులు కొంచెం తియ్యగా ఉందంతే.

మళ్ళీ నాచారం

శనివారం పొద్దున రూతమ్మ వంటింట్లో చేరాం. ఫోన్ గ్యాస్ బండ పక్కన పెట్టి, ముగ్గురం దాన్నే చూస్తున్నాం. మొదటి మోత మోగింది. సత్తెమ్మ బ్యాచ్: ఒక తోటకూర పప్పు, ఒక బెండకాయ వేపుడు, ఒక మటన్. మూడూ సత్తెమ్మే నొక్కింది. ఆ వెంటనే ప్రింటింగ్ వాళ్ళు. ఆ తర్వాత గమ్ వేసేవాళ్ళు. లోడింగ్ బ్యాచ్‌లో ఎవరికీ ఎవరి మాటా పడక అందరూ మటన్ నొక్కి, ఒకరి తర్వాత ఒకరు మార్చుకుని, చివరికి అందరూ పప్పు దగ్గర తేలారు. తర్వాత బుద్ధి తెచ్చుకున్నారు. మోత ఆగడం లేదు. రూతమ్మ "స్తోత్రం, స్తోత్రం" అంటూ గరిటె తిప్పుతూనే ఉంది. ప్రసన్న నా భుజం పట్టుకుని గంతులేసింది. నేనూ వేశాను, నా వయసుకు తగనంత ఎత్తు.

డబ్బాలతో యూనిట్‌కు వెళ్ళాం. అప్పటికే అక్కడ ఓ ముచ్చట జరిగిందని మల్లేశ్ చెప్పాడు. మేనేజర్ తన ఫోన్లో తనే పరీక్షించి చూద్దామని యాప్ తెరిచాడట. కూర ఎంచుకోబోతే అది, మీరు ఏ బ్యాచ్ అని అడిగింది. ఆయన రోజూ అద్దాల గదిలో, ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ ఒక్కడే తింటాడు. ఆయనకు బ్యాచ్ లేదు. ఫోన్ పట్టుకుని షెడ్డులోకి వచ్చి, "నాది ఏ బ్యాచ్ అని అడుగుతోందమ్మా, ఏం నొక్కాలి?" అన్నాడట.

మిషన్ల దగ్గర అందరూ సత్తెమ్మ వైపు తిరిగారట. సత్తెమ్మే అంది: "మా దాంట్ల రండి సార్. ఎట్లైన మా తాన గుడ్డు ఎవలు తీస్కోలే. మీరు గుడ్డు ఒత్తుండ్రి."

ఒత్తాడు. మధ్యాహ్నం బెల్లు మోగాక వచ్చాడు కూడా. కాళ్ళు మడిచి అట్ట మీద కూర్చోవడానికి కాస్త తంటాలు పడ్డాడు. తన డబ్బా మూత తీసి, రెండో చేయి దాని చుట్టూ అడ్డం పెట్టుకున్నాడు. మల్లేశ్ గరిటె పట్టుకుని సందేహిస్తున్నాడు. సత్తెమ్మ సందేహించలేదు. ఆయన చేయి కింద నుంచే గుడ్డు తీసి, దారంతో కోసినట్టు ముక్కలు చేసి, అందరికీ పంచి, ఆయన మూతలో పప్పూ మటనూ వేసింది. ఆయన పప్పు కలిపి ఒక ముద్ద తిన్నాడు. తర్వాత ఆ అడ్డం పెట్టిన చేయి తీసేశాడు. నిమ్మకాయ తొక్కు ఎవరు తెచ్చారని అడిగి ఇంకొంచెం వేయించుకున్నాడు.

చేతులు కడుక్కుని లేచేసరికి రూతమ్మ కొంగు గట్టిగా పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"సార్, సోమారం వంట వెట్టమంటరా, వద్దంటరా?"

ఆయన ఆవిడకు జవాబు చెప్పలేదు. రుమాలుతో చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "సత్తెమ్మా, సోమవారం నన్నేం తీసుకోమంటావు?" అని అడిగాడు.